నోటి మాటకి కోర్టులో విలువుందా?

ప్రశ్న: సార్, మాది దామలచెరువు పక్కన పల్లె. మా తోతాపురి మామిడి కాయంతా తీసుకుంటానని ఒక వ్యాపారి టన్నుకి రేటు మాట్లాడుకోని ఫోన్‌పేలో 20 వేలు అడ్వాన్స్ వేసినాడు, ఇప్పుడు రేటు పడిపోయిందని కాయ వద్దంటా ఉండాడు, కాగితం లేదు కదా ఏం చేస్తావ్ అంటాడు. మా బావ కూడా బైక్ కొనిస్తానని మాట తప్పినాడు. ఇద్దరి మీదా కేసు వేయొచ్చా?

జవాబు: బావని వదిలేయండి. ఆయన ఊరికే ఇస్తానన్నాడు, బదులుగా మీరిచ్చేది ఏమీ లేదు, అట్లాంటి మాట 1872 కాంట్రాక్ట్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం చెల్లదు. దగ్గర బంధువు ప్రేమకొద్దీ రాసిచ్చి రిజిస్టర్ కూడా చేయించుంటే అది వేరే, బైక్ కోసం ఎవరు చేయిస్తారు చెప్పండి!

వ్యాపారి సంగతి అట్లా కాదు. ఆయన డబ్బు, మీ కాయ, ఇద్దరి ఒప్పుదల, ఇవి ఉంటే నోటి మాటైనా కాంట్రాక్టే. భూమి అమ్మకానికైతే రిజిస్ట్రేషన్ కావాలి గానీ చెట్టు మీద కాయ చట్టం లెక్కలో చరాస్తి, అంటే కదిలించగలిగే ఆస్తి, దానికి ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిక్కంతా రుజువు దగ్గరే, అందుకే ఆ ఫోన్‌పే ఎంట్రీ, వాట్సాప్ మెసేజులు డిలీట్ చేయొద్దు, మాట్లాడుకున్నప్పుడు పక్కనున్నోళ్ళ సాక్ష్యం కూడా పనికొస్తుంది. కాయని చెట్టు మీద కుళ్ళనీయకుండా ముందు లాయర్ నోటీసు ఇచ్చి, దొరికిన రేటుకి వేరేవాళ్ళకి అమ్మేసి బిల్లు దాచుకోండి, తగ్గిన డబ్బుని అదే చట్టం 73వ సెక్షన్ కింద నష్టంగా అడగొచ్చు, ఆ 20 వేలు మాత్రం అందులోంచి తగ్గించాల్సిందే. ఆయన మాట తప్పినప్పటి నుంచి 3 ఏళ్ళలోపు దావా వేయాలి.