ముందుకాలు పట్టి తిప్పితే మోకాలు మెలిపడింది.. సాధన మానేయాలా?

ప్రశ్న: నా వయసు 31. మాది కవిటి. ఉద్యోగరీత్యా శ్రీకాకుళంలో ఉంటున్నాను. ఆరేళ్లుగా కెన్పో కరాటే చేస్తున్నాను. కుస్తీ తెలిసినవాళ్లు కాళ్లు పట్టి పడేస్తే ఎలా తప్పించుకోవాలో రెండు నెలలుగా మిత్రుడితో నాగావళి ఇసుకలో సాధన చేస్తున్నాం. పది రోజుల కిందట అతను నా ముందుకాలు పట్టి తిప్పినప్పుడు మోకాలు మెలిపడింది. మర్నాటికి లోపలివైపు వాచింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. మందుల షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ రోజుకు రెండు వేసుకుంటున్నాను. మెట్లు దిగుతుంటే ఇంకా నొప్పే. సాధన మానేయాలా?

సలహా: పూర్తిగా మానేయక్కర్లేదు, మోకాలు కుదుటపడేదాకా ఆపితే చాలు. ముందు ఆ మాత్రలు మాత్రం ఈ రోజే ఆపండి. మోకాలి కంటే నాకు మీ కిడ్నీల గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకు రక్తప్రసరణను తగ్గిస్తాయి. మీది ఉద్దానం. అక్కడ బీపీ, షుగరు లేనివాళ్లకూ కిడ్నీ జబ్బు వస్తోంది, తొలిదశలో ఏ లక్షణమూ కనపడదు. చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా ఈ మాత్రలు వేసుకుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. నొప్పి ఉంటే పారాసెటమాల్ 650 వేసుకోవచ్చు, అదీ రోజుకు మూడుకు మించకుండా.

ఇక మోకాలు. ఎక్స్‌రేలో ఎముకలే కనిపిస్తాయి, ఎముకలను కలిపి ఉంచే పట్టీల్లాంటి లిగమెంట్లు కనపడవు. దెబ్బ తగిలినప్పుడు 'టప్'మని శబ్దమై, రెండు మూడు గంటల్లోనే మోకాలు బాగా ఉబ్బి ఉంటే ముందువైపు క్రూసియేట్ లిగమెంటు తెగిందేమోనని అనుమానించాలి. మీకు మర్నాడు వాచింది, అదీ లోపలివైపే. కాబట్టి లోపలి పక్క లిగమెంటు సాగి ఉండొచ్చు, లేదా మోకాలి ఎముకల మధ్య మెత్తలా, నెలవంక ఆకారంలో ఉండే మెనిస్కస్ దెబ్బతిని ఉండొచ్చు. మోకాలు మధ్యలో పట్టేసి చాపలేకపోతున్నా, నడుస్తుంటే జారినట్టు అవుతున్నా ఎంఆర్ఐ తప్పదు. అలాంటివేమీ లేకపోయినా ఆర్థోపెడిక్ డాక్టరు చేత్తో పరీక్షించాల్సిందే. లోపలి లిగమెంటు కొద్దిగా సాగితే సాధారణంగా ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో మానుతుంది. వాపు మీద నూనె పోసి మర్దన చేయించొద్దు.

ఎందుకిలా అయిందంటే, కెన్పోలో న్యూట్రల్ బో భంగిమలో బరువు రెండు కాళ్ల మీదా సమానంగా ఉంటుంది. గుద్దు విసిరేటప్పుడు ముందుకాలు వంచి, వెనక కాలు చాపే ఫార్వర్డ్ బోలోకి జరగగానే ముందుకాలి మీద బరువు పెరుగుతుంది. పట్టేవాడికి కావలసింది ఆ కాలే. పైగా ఇసుకలో పాదం దిగబడుతుంది. పాదం నాటుకుపోయి, మొండెం గుద్దు కోసం ఒకవైపు తిరిగి, అతను కాలిని ఇంకోవైపు లాగితే ఆ మెలి అంతా మోకాలి మీదే పడుతుంది. కోడి రామమూర్తి పుట్టిన ఉత్తరాంధ్రకు కుస్తీ కొత్త కాదు. గోదాలో మట్టిని తవ్వి, జల్లించి, చదును చేశాకే పట్టు పట్టేవారు. మీరు కూడా ఇసుక వదిలేసి, కనీసం 40 మిల్లీమీటర్ల మందం ఉన్న మ్యాట్ల మీద, సందులు లేకుండా పరిచి చేయండి.

పద్ధతి కూడా మారాలి. అతని తల మీ ఛాతీ కంటే కిందికి దిగిందంటే తన్నుకు సమయం దాటిపోయినట్టే. మోకాలితో కొడదామని కాలెత్తితే నిలబడడానికి ఒక్క కాలే మిగులుతుంది. ముంజేతులను అతని భుజాలకు, మెడ మొదలుకు అడ్డంపెట్టి, రెండు కాళ్లూ ఒకేసారి వెనక్కి విసిరి, మీ తుంటి బరువంతా అతని భుజాల మీద మోపండి. చాలామంది నడుము పైనే ఉంచి ముందుకు వంగుతారు. అప్పుడు కాళ్లు అతని చేతికి అందుతూనే ఉంటాయి. నేలకు ఆనాల్సింది కాలివేళ్లు, మోకాళ్లు కాదు. కాలు అప్పటికే దొరికిపోతే పెనుగులాడి మెలితిప్పుకోవద్దు. రెండో కాలి మీద గెంతుతూ అతను తిరిగినవైపే తిరగండి. పట్టుబడ్డ కాలి మోకాలు, పాదం వేళ్లు ఒకే దిక్కు చూడాలి. ఒక చేత్తో అతని తలను బయటికి నెట్టండి. పడిపోవడం ఖాయమైతే గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి పడండి. చెయ్యి నిటారుగా నేలకు ఆన్చితే మణికట్టు విరగొచ్చు. మడమ పట్టి మెలితిప్పే పట్టులో నొప్పి వచ్చేదాకా ఆగకుండా ముందే చెయ్యి తట్టి ఓటమి ఒప్పుకోండి. అక్కడ నొప్పి తెలిసేసరికి లిగమెంటు తెగిపోయి ఉండొచ్చు.

డాక్టరు చూసి సరేనన్నాక వ్యాయామం మొదలుపెట్టండి. కాలు చాపి తొడ బిగించి పది సెకన్లు పట్టి ఉంచడం పదిసార్లు, రోజుకు మూడు పూటలా. వాపు తగ్గాక కుర్చీలోకి సగం కూర్చుని లేవడం, తర్వాత ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడడం. రోజూ పొద్దున్నే టైలరు టేపుతో మోకాలిచిప్ప మధ్యన రెండు కాళ్ల చుట్టుకొలత కొలిచి రాసుకోండి. ముందురోజు కంటే సెంటీమీటరు పెరిగితే ఆ రోజు విశ్రాంతి. దెబ్బతిన్న కాలితో గెంతే దూరం రెండో కాలితో గెంతేదానిలో 90 శాతానికి చేరాకే మిత్రుడితో సాధన, అదీ మొదటి వారం సగం వేగంతో, పదేసి చొప్పున మూడు విడతలే. ఈ సాధనలో మెడ మీద కూడా భారం పడుతుంది. పట్టు వదిలాక చెయ్యి తిమ్మిరెక్కినా, పిడికిలిలో పట్టు తగ్గినా ఆ రోజే డాక్టరుకు చూపించుకోవాలి.