ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వినాలి, అల్లుడూ

చిన్నోడికి, మామయ్య ఆశీస్సులు.

కొందామని చూస్తున్న పాత డీజిల్ డిజైర్ కారుది నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు విన్నాను. "ఇంజన్ బాగుందా మామయ్యా" అని అడిగావు. ఫోన్లో విని చెప్పడం నా వల్ల కాదురా. ఫోన్ మైకు పైపైన వచ్చే టకటకని పెద్దది చేసి వినిపిస్తుంది, అడుగు నుంచి వచ్చే బరువైన దెబ్బని మింగేస్తుంది. మనకి కావాల్సింది ఆ రెండోదే. మా అక్కని నెలనెలా కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కొంటున్న బండి అది. దారిలో ఆగిపోయే బండిలో అక్కని కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఒక భయం తీసేసుకో. డీజిల్ ఇంజన్ అన్నాక శబ్దం ఉంటుంది. పెట్రోలు బండిలో స్పార్క్ ప్లగ్గు మంట పుట్టిస్తుంది. డీజిల్‌కి ఆ ప్లగ్గు లేదు. సిలిండర్లో గాలిని 16, 17 వంతులు నొక్కేసరికి పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ అంటుకోవడంలోనే టక్కుమనే దెబ్బ ఉంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అంటుకోవడం ఒక్క క్షణం ఆలస్యమై దెబ్బ గట్టిగా పడుతుంది, వేడెక్కాక మెత్తబడుతుంది. అందుకని ఎంత శబ్దం వస్తోందని కాదు, ఎప్పుడు వస్తోంది, వేడెక్కాక తగ్గుతోందా పెరుగుతోందా అని విను. నా ముప్పై ఏళ్ల మెకానిక్ షెడ్డు పనిలో నేర్చుకున్నదంతా ఈ మాటలోనే ఉంది.

నువ్వు వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి సిద్ధంగా పెట్టి ఉంచారంటే ఆ రోజుకి తిరిగొచ్చేయ్. మర్యాద కోసం ఆగకు. నేను ఒకసారి ఆగాను. పదేళ్ల క్రితం, సొంతానికని ఒక పాత డీజిల్ బండి చూడ్డానికి వెళ్లాను. యజమాని "ఇప్పుడే టిఫిన్‌కి వెళ్లొచ్చానండీ" అన్నాడు. బోనెట్ కాలుతోంది. ఇంజన్ సాఫీగా ఆడింది, డబ్బులిచ్చి తెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున్నే సెల్ఫ్ కొడితే అడుగున దబ్ దబ్ అని మొదలైంది. శబ్దం కప్పెట్టడానికి చిక్కటి ఆయిల్ పోసి, వేడి చేసి చూపించాడు. ఇంజన్ దించి క్రాంక్ పని చేయించేసరికి ఆ ఏడాది దాళ్వా పంట డబ్బులన్నీ దానికే పోయాయి. అంత అనుభవం ఉన్నవాడినే మోసపోయానంటే నీకు అర్థమవ్వాలి.

బోనెట్ మీద అరచెయ్యి పెట్టి చూడు, చల్లగా ఉండాలి. ఆ తర్వాత డిప్‌స్టిక్ లాగి ఆయిల్ చూడు. నల్లగా ఉంటే కంగారు పడకు, డీజిల్‌లో ఆయిల్ తొందరగా నల్లబడుతుంది. పాలు కలిపిన టీలా ఉంటేనే భయపడాలి, నీళ్లు కలిశాయన్నమాట.

సెల్ఫ్ కొట్టిన మొదటి ఐదు సెకన్లు ఎవరితోనూ మాట్లాడకు. ఆ డీజిల్ డిజైర్లో ఉన్నది 1248 సీసీ ఇంజన్, ఫియట్ వాళ్ల డిజైన్. స్విఫ్ట్‌లోనూ, ఇండికా విస్టాలోనూ అదే వచ్చింది, అందుకే విడిభాగాలకి మనవైపు లోటుండదు. దానికి టైమింగ్ చైన్ ఉంటుంది, అంటే వాల్వులు పిస్టన్లతో లయ తప్పకుండా ఆడేలా తిప్పే గొలుసు. ఆ చైన్‌ని బిగించి పట్టుకునే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో ప్రెషర్ అందేదాకా ఒకటి రెండు సెకన్లు గరగరమంటే సరే. ఆ గరగర అలాగే ఉండిపోతే చైన్ సాగిందని. అది పళ్లు జారితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజన్ మొత్తం పోతుంది. పోన్లే, తర్వాత చేయిద్దాం అనుకునే రకం కాదది.

తర్వాత పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకో. కొనని, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఒక్కో ఇంజక్టర్ దగ్గర ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పెట్టు. తిరిగే బెల్టుకీ ఫ్యానుకీ చొక్కా, చెయ్యీ దూరంగా ఉంచు. నాలుగూ ఒకేలా టిక్ టిక్‌మనాలి. ఒకదాని దగ్గర గట్టిగా, మేకు కొట్టినట్టు వినపడితే అది అరిగినట్టు. ఇంజక్టర్ మొదట్లో తారులాంటి నల్లటి మడ్డి పేరుకుని, చఫ్ చఫ్‌మని గాలి కొడుతుంటే కింద వాషర్ పోయింది. చిన్నప్పుడు చేల గట్టున ఆయిల్ ఇంజన్‌కి చేసినట్టు పైపు నట్టు వదులు చేసి చూడబోకు. ఇవి కామన్ రైలు ఇంజన్లు, అన్ని ఇంజక్టర్లకీ ఒకే గొట్టం నుంచి డీజిల్ వెళ్తుంది, పైపులో వెయ్యి బార్‌కి పైన ప్రెషర్ ఉంటుంది, డీజిల్ చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. అనుమానం వస్తే మెకానిక్ చేత రిటర్న్ టెస్ట్ చేయించు. నాలుగు ఇంజక్టర్ల రిటర్న్ పైపులూ నాలుగు చిన్న సీసాల్లో పెట్టి నడుపుతారు. ఏ సీసా ముందు నిండితే ఆ ఇంజక్టర్ లోపల కారిపోతోంది. మార్చాలంటే చిన్న ఖర్చు కాదు, ఆ మేరకు బేరంలో తగ్గించు.

ఇంజన్ బాగా వేడెక్కాక రెండు వేల ఆర్‌పీఎం దాకా రైజ్ చేసి ఒక్కసారిగా కాలు తీసెయ్. కాలు తీసినప్పుడు అడుగున బరువుగా దబదబమంటే, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయినట్టు. వేడికి ఆయిల్ పల్చబడేకొద్దీ ఈ దెబ్బ పెరుగుతుంది. ఇది వినపడ్డ బండి ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

బండి వరదలో మునిగిందేమో కూడా చూడాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరికి పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చినప్పుడు లంకల్లో ఎన్ని బండ్లు మునిగాయో నీకు తెలుసు. నీళ్లలో స్టార్ట్ చేసిన ఇంజన్ గాలితో పాటు నీళ్లూ పీలుస్తుంది. నీళ్లు నొక్కుడు పడవు కాబట్టి రాడ్డు వంగుతుంది. వంగిన రాడ్డుతోనే కొన్నాళ్లు తిరుగుతుంది కూడా. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు, స్టెప్నీ గుంటలో వేలు పెట్టి రుద్ది చూడు, ఎక్కడైనా వండ్రు తగిలితే వదిలెయ్.

రోడ్డు మీద నడిపి పరీక్షించాలంటే ఎత్తు కావాలి. మన డెల్టాలో ఎత్తు ఎక్కడుంది, వంతెనలే. చించినాడ వంతెన ఎక్కేటప్పుడు మూడో గేరులో నలభై మీదనుంచి గట్టిగా తొక్కు. సన్నటి ఈల, ఇంజన్లోకి గాలి తోసే టర్బోది, అది మామూలే. అంబులెన్స్ సైరన్‌లా పెరిగితే టర్బో బేరింగ్ పోయింది. అద్దంలో వెనక పొగ చూడు. తొక్కగానే కాస్త నల్లగా వచ్చి ఆగితే ఫర్వాలేదు, నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. వచ్చేటప్పుడు అద్దాలు దించి ఏదైనా ప్రహరీ గోడ పక్కనుంచి నెమ్మదిగా రా. గోడకి తగిలి శబ్దం నీ చెవికే తిరిగొస్తుంది.

బండి అమ్మే భీమవరం ఆయనకి ఈ రాత్రే ఫోన్ చేసి, ఆదివారం ఉదయం మేమొచ్చేదాకా బండి ముట్టుకోవద్దండీ అని చెప్పు. ఒప్పుకుంటే నాకు కబురు చెయ్. ఆరింటికల్లా బస్టాండు దగ్గర ఉంటాను. స్క్రూడ్రైవర్ నేనే తెస్తాను.

మీ మామయ్య