పాప ఇంకా బోర్లా పడట్లేదు, లేటేనా డాక్టర్?

ప్రశ్న: మా పాపకి 6 నెలలు నిండాయి. డేట్ కంటే 6 వారాలు ముందే పుట్టింది. మెడ నిలిచింది, నవ్వుతుంది, ఊ కొడుతుంది, కానీ ఇంకా బోర్లా పడట్లేదు. మా తోడికోడలి బాబు నాలుగో నెలలోనే పడ్డాడు. మేమే బోర్లా వేస్తే ఒకటే ఏడుపు. వాకర్ కొంటే కాళ్లకి బలం వస్తుందంటున్నారు, కొనమంటారా?

జవాబు: ముందు ఒక చిన్న లెక్క చూద్దాం అమ్మా. పాప 6 వారాలు ముందు పుట్టింది కదా, ఎదుగుదల చూసేటప్పుడు ఆ 6 వారాలు వయసులోంచి తీసేయాలి, అంటే ఈ విషయంలో మీ పాపది ఇప్పుడు నాలుగున్నర నెలలే. దీన్ని కరెక్టెడ్ ఏజ్ అంటాం, రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే లెక్కేస్తాం (టీకాలకి మాత్రం ఇది వాడకండి, అవి పుట్టిన తేదీ నుంచే). నాలుగున్నర నెలలకి బోర్లా పడకపోతే అది లేటు కానే కాదు. మీ తోడికోడలి బాబుతో పోలిక పెట్టుకుని నిద్ర పాడుచేసుకోవద్దు.

అసలు నెలలు నిండి పుట్టిన పిల్లల్లోనే ఎంత తేడా ఉంటుందో చూడండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కల ప్రకారం ఎవరూ పట్టుకోకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. నూటికి నలుగురు పిల్లలైతే మోకాళ్ల మీద పాకకుండానే నేరుగా నడిచేశారు. ఫోన్లో యాప్ పెట్టుకుని టిక్కులు కొట్టుకునే వాళ్లకి ఇది చెప్తే ఎందుకో నమ్మరు.

ఏడుపు సంగతికొస్తే, నేల మీద కాకుండా మొదట మీ ఛాతీ మీద బోర్లా వేసుకోండి, మీ మొహం కనిపిస్తుంటే తల ఎత్తి చూస్తుంది. ఒకటి రెండు నిమిషాలు చాలు, రోజులో ఎక్కువసార్లు చేయండి, పాలు తాగిన వెంటనే మాత్రం వద్దు. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి మాత్రమే, నిద్రపుచ్చేది ఎప్పుడూ వెల్లకిలానే. ఇంకోటి, వెల్లకిలా ఉన్నప్పుడు గిలక్కాయ కళ్ల ముందు ఆడించి మెల్లగా పక్కకి జరపండి, ముందు కళ్లు వెళ్తాయి, తర్వాత తల, ఆ తర్వాత చెయ్యి చాస్తుంది, భుజం లేస్తుంది, నడుము దగ్గరకొచ్చి ఆగిపోతుంది. ఆ ఆగిన చోట మీరు తుంటి కింద చెయ్యి పెట్టి కొంచెం సాయం చేయండి, పూర్తిగా తిప్పేయొద్దు, మిగతాది తననే చేయనివ్వండి.

వాకర్ వద్దే వద్దు. అందులో పిల్లలు మునివేళ్ల మీద తోసుకుంటూ పోతారు, నడక తొందరగా రాదు సరికదా కొందరికి ఆలస్యం కూడా అవుతుంది, పైగా మెట్ల మీంచి పడటం, వేడి గిన్నెలు లాగేయడం ఇవన్నీ క్షణంలో అయిపోతాయి. కెనడాలో అయితే 2004 నుంచి అమ్మడమే నిషేధం.

నేను నిజంగా పట్టించుకునేవి వేరే ఉన్నాయి. గుప్పిళ్లు ఎప్పుడూ బిగించే ఉంచుతోందా, ఒక చెయ్యే వాడుతూ రెండోది వదిలేస్తోందా (ఈ వయసులో కుడిచేతి వాటం ఎడమచేతి వాటం అంటూ ఏమీ ఉండదు), ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుపోవడం గానీ గుడ్డలా వేలాడటం గానీ ఉందా, శబ్దానికి అసలు స్పందించట్లేదా, వీటిలో ఏది ఉన్నా వెంటనే చూపించండి. నిన్నటిదాకా చేసిన పని ఉన్నట్టుండి మానేసినా సరే, ఏ వయసైనా ఆగొద్దు. ఇవేమీ లేకపోతే ఇంకో రెండు నెలలు చూడండి, అప్పటికీ ఏ వైపుకీ దొర్లకపోతే పిల్లల డాక్టర్‌ని కలవండి.

వినికిడి పరీక్ష, కళ్ల పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. ముందుగా పుట్టిన పిల్లలకి ఆ రెండూ ముఖ్యం, డిశ్చార్జ్ కాగితాలు ఒకసారి తీసి చూడండి, లేకపోతే వచ్చే టీకా దాకా ఆగకుండా ఈ వారమే అడగండి. వెళ్లేటప్పుడు పాప ఆడుకుంటున్న వీడియో ఒకటి ఫోన్లో తీసుకెళ్లండి, మమ్మల్ని చూడగానే సగం మంది పిల్లలు ఏడుపే, ఏమీ చేసి చూపించరు.