మైటోకాండ్రియా ఎంజైమే అయినా ఓటీసీ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఎందుకుంది?

మేనల్లుడి రిపోర్టులో ఓటీసీ జన్యువులో మార్పు కనిపించిందని, మైటోకాండ్రియా ఎంజైమ్‌కు ఎక్స్ క్రోమోజోమ్‌తో సంబంధమేమిటని ఉప్పల్ నుంచి అడిగారు. సందేహం సహజమే.

కణానికి శక్తినిచ్చే భాగాలైన మైటోకాండ్రియా సొంత డీఎన్ఏలో ఉన్నవి 37 జన్యువులే, వాటిలో ప్రోటీన్లను తయారుచేయించేవి 13 మాత్రమే. అక్కడ పనిచేసే మిగతా ప్రోటీన్లన్నీ, ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్ అనే ఈ ఓటీసీతో సహా, కేంద్రకంలోని జన్యువుల నుంచే వస్తాయి. ఓటీసీ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ పొట్టి భుజంపై ఉంది. ఎంజైమ్ కేంద్రకం బయటి కణద్రవ్యంలో 354 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారవుతుంది. మొదటి 32 ఆమ్లాలు చిరునామా చీటీలా దాన్ని మైటోకాండ్రియాలోకి చేర్చి, ఆ తరువాత తెగిపోతాయి. అలాంటి మూడు గొలుసులు జతకూడితేనే ఎంజైమ్ పని మొదలవుతుంది.

కాలేయంలో ఇది ఆర్నిథిన్‌ను, కార్బమైల్ ఫాస్ఫేట్‌ను కలిపి సిట్రులిన్‌గా మారుస్తుంది. ఈ మెట్టు ఆగితే యూరియాగా మారవలసిన అమ్మోనియా రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. మిగిలిపోయిన కార్బమైల్ ఫాస్ఫేట్ కణద్రవ్యంలోకి జారి ఒరోటిక్ ఆమ్లంగా మారి మూత్రంలో బయటపడుతుంది కనుకనే వైద్యులు మూత్రపరీక్ష కూడా రాస్తారు.

మగపిల్లలకు ఎక్స్ ఒక్కటే కాబట్టి తీవ్రమైన లోపం పుట్టిన కొద్ది రోజుల్లోనే బయటపడవచ్చు. స్త్రీల ప్రతి కాలేయ కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటి పనిచేయకుండా మూగబోతుంది, అది ఏదన్నది యాదృచ్ఛికం. అందుకే మార్పు ఉన్న స్త్రీలలో కొందరికి జీవితాంతం ఏ ఇబ్బందీ ఉండదు, కొందరికి ప్రసవానంతరం అమ్మోనియా పెరుగుతుంది. మార్పు బిడ్డలోనే కొత్తగా పుట్టి ఉండవచ్చు గనుక తల్లికి పరీక్ష చేయకుండా ఆమెను మార్పున్న జన్యువును మోసే వాహకురాలిగా తేల్చకూడదు. నగరంలో నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగాన్ని సంప్రదించవచ్చు.