చేతికి కబురు చెప్పే స్టీరింగ్

విజయనగరం

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మీ అమ్మనీ నాన్ననీ అడిగినట్టు చెప్పు.

మొన్న శ్రీకాకుళం నుంచి నువ్వు ఫోన్‌లో అన్న మాటలు ఇంకా నా బుర్రలోనే తిరుగుతున్నాయి. "స్టీరింగ్ తిప్పితే కారు కాసేపు ఆలోచించుకుని తిరుగుతున్నట్టుంది మావయ్యా, నాతవలస దగ్గర హైవే వదిలి విజయనగరం వైపు మళ్లుతుంటే బండి ఒక పక్కకి వాలిపోతోంది" అన్నావు. ఎత్తు తగ్గించే స్ప్రింగులు, లావు టైర్లు, బానెట్ కింద అడ్డంగా బిగించే రాడ్డు, మూడూ ఒకేసారి ఆర్డర్ పెట్టేస్తానన్నావు. అప్పుడు వద్దని మాత్రం చెప్పగలిగాను. ఎందుకు వద్దో, దాని బదులు ఏం చెయ్యాలో నిదానంగా చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

స్టీరింగ్ బరువుగా ఉండటం వేరు, కబురు చెప్పడం వేరు. నేను సాలూరులో లారీల దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో పవర్ స్టీరింగ్ ఎరగం. సుంకి ఘాట్‌లో మలుపు తిప్పుతుంటే చక్రం చేతిలో బరువెక్కుతూ వచ్చేది. వాన పడ్డ రోడ్డు మీద ఆ బరువు ఉన్నట్టుండి తగ్గిందంటే ముందు టైర్లు పట్టు వదలబోతున్నాయని లెక్క. కంటికి ఇంకా ఏమీ కనబడదు, చేతికి మాత్రం ముందే తెలిసిపోతుంది. మలుపులో టైరు కొంచెం మెలిపడుతుంది. ఆ మెలిక విప్పుకుని నేరుగా రావాలని టైరు లాగుతుంటుంది, చేతికి తెలిసే బరువు ఆ లాగుడుదే. పట్టు పూర్తిగా పోయే ముందే ఆ లాగుడు తగ్గుతుంది. నేను కబురు అంటున్నది దీన్నే.

నీది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు మోటారు ఎక్కువ సాయం చేస్తుంది, వేగం పెరిగేకొద్దీ తగ్గిస్తుంది. నీ చేతికీ టైరుకీ మధ్య ఆ మోటారు ఉంది కాబట్టి కబురు కొంత అక్కడే ఆగిపోతుంది. దాన్ని మనం మార్చలేం. కానీ ఆరేళ్ల వయసున్న, డెబ్భై వేలు తిరిగిన కారులో కబురు మోటారు దాకా కూడా రావడం లేదు. తప్పు గాలి దగ్గర, ఎండిపోయిన టైర్ల దగ్గర, అరిగిన రబ్బరు బుష్‌ల (ఇనుప భాగాలు కలిసే చోట ఉండే రబ్బరు దిమ్మెలు) దగ్గర దారిలోనే పోతోంది. కొత్త కారుగా ఉన్నప్పుడు దానికి ఉన్న గుణాన్ని ముందు వెనక్కి తెచ్చుకో. ఆ తర్వాత కూడా చాలకపోతే అప్పుడు కొత్త సామాన్ల గురించి ఆలోచిద్దాం.

ఈ వారం పైసా ఖర్చు లేని పనులు చెయ్యి. స్టీరింగ్‌కి తొడిగిన ఆ మెత్తటి కవర్ తీసెయ్. కింద అసలు స్టీరింగ్ చక్రం సన్నగా, గట్టిగా ఉంటుంది. దాని మీద స్పాంజి తొడిగితే చేతికి గ్లవ్స్ వేసుకున్నట్టే. తర్వాత సీటు. నువ్వు బాగా వెనక్కి వాలి కూర్చుంటావు, మీ నాన్నదీ అదే అలవాటు. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. అంత దగ్గరగా కూర్చుంటే మోచేతులు కొంచెం మడిచి, గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట్ల పట్టుకోగలవు. డిక్కీలో ఏడాదిగా మోస్తున్న సామానంతా దించెయ్. పైన క్యారియర్ పెట్టించి ఉంటే అదీ విప్పించు. ఎత్తులో ఉన్న ప్రతి కిలో మలుపులో బాడీని ఇంకాస్త వాలుస్తుంది.

ఇక గాలి. డ్రైవర్ డోర్ తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, ముందూ వెనకా ఎన్ని పాయింట్ల గాలి ఉండాలో దాని మీదే రాసి ఉంటుంది. పంక్చర్ షాపు కుర్రాడు అన్ని కార్లకీ ఒకే లెక్క పెడతాడు, అది నమ్మకు. గేజి ఒకటి కొని డాష్‌బోర్డులో పెట్టుకో. పొద్దున్నే బండి కదలకముందే చూడు. హైవే మీద అరగంట నడిపి చూస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, ఎక్కువుందని తగ్గిస్తే మర్నాటికి తక్కువైపోతుంది. స్టిక్కర్ లెక్కకి ముందు టైర్లలో ఒకటి రెండు పాయింట్లు కలిపి వారం నడిపి చూడు. తిప్పగానే ముందు భాగం కొంచెం చురుగ్గా స్పందిస్తుంది. అంతకు మించి ఎక్కించకు. టైరు ఉబ్బి రోడ్డుకి మధ్యభాగం మాత్రమే ఆనుతుంది, వానలో బ్రేకు వేస్తే జారుతుంది.

టైర్ల విషయంలో నేను దెబ్బ తిన్నాను, కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఒకసారి ఒక షాపులో నా సొంత కారుకి నాలుగు టైర్లు కొత్తవని వేయించుకున్నాను. గాడుల మధ్య రబ్బరు గుండీలు నిండుగా, నల్లగా మెరుస్తున్నాయి. మొదటి వానకే గజపతినగరం దగ్గర చిన్న మలుపులో బండి నేరుగా జారిపోయింది, అదృష్టం కొద్దీ ఎదురు బండి లేదు. తర్వాత చూస్తే అవి తయారై మూడేళ్లు దాటింది. ఎక్కడో ఎండ తగిలే చోట పడి ఉన్న సరుకు. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే వరసలో చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆ అంకెలు చూశాకే డబ్బులివ్వు. నీ కారుకి ఇప్పుడున్నవి ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే అయితే ఆరేళ్లయింది. గుండీలు మిగిలినా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. గోరుతో నొక్కి చూడు, పక్క గోడలో సన్నని పగుళ్లున్నాయేమో చూడు. గాడిలో అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. గుండీ వాటి మట్టానికి వచ్చిందంటే ఇక ఆ టైరుతో రోడ్డెక్కకూడదు.

లావు టైర్లు అన్నావు కదా. నీ కారుకి 185/65 ఆర్15 ఉంది, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. 195/55 ఆర్16 వేస్తే టైరు మొత్తం ఎత్తు దాదాపు అంతే, లెక్క కడితే ఒక మిల్లీమీటరు కూడా తేడా రాదు, స్పీడోమీటర్ తప్పు చూపించదు. పక్క గోడ పొట్టిది కాబట్టి మెలిక తక్కువ, తిప్పగానే జవాబు వస్తుంది. మీ కారులోనే పై మోడల్‌కి కంపెనీ ఆ సైజు ఇచ్చి ఉంటే నిశ్చింతగా వెయ్యచ్చు. కానీ నువ్వు వారానికి రెండుసార్లు పాలకొండ వైపు వెళ్తావు. ఆ గుంతల్లో పొట్టి గోడ టైరు బుడగ కట్టడానికి ఒక్క దెబ్బ చాలు. నన్నడిగితే పదిహేను అంగుళాల రిమ్ములే ఉంచి, ఉన్న సైజులోనే తడి రోడ్డు మీద పట్టున్న మంచి టైర్లు వెయ్యి. సైజు కంటే రబ్బరు నాణ్యత చేసే తేడా పెద్దది. కొత్తవి వేశాక మొదటి వంద రెండొందల కిలోమీటర్లు నిదానంగా నడుపు, పైపొర అరిగితే గానీ అసలు పట్టు రాదు.

ఇప్పుడు బండి కిందికి రా. నా సగం జీవితం అక్కడే గడిచింది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, తొమ్మిదీ మూడూ దగ్గర పట్టుకుని ఊపు. ప్లే, అంటే వదులుగా కదలడం, ఉంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ కీళ్లు, టై రాడ్ ఎండో, ర్యాక్ ఎండో పోయింది. పన్నెండూ ఆరూ దగ్గర ఊపితే ప్లే వస్తే చక్రం కింది కీలు బాల్ జాయింటో, చక్రం బేరింగో. చిన్న చిన్న గతుకుల్లో టకటకమంటే ముందు లింక్ రాడ్లు చూడు, ఖర్చు తక్కువ, బాడీ వాలుడుని అదుపులో పెట్టే రాడ్డుకి అవే చేతులు. నిలబడ్డ బండిలో స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు మెలితిరిగి టంగుమని విడుదలైనట్టు చప్పుడొస్తే స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జార్ కలిసి ఉండే స్తంభం) పైన మౌంట్ బేరింగ్ పట్టేసింది. అది పట్టేస్తే మలుపు దాటాక స్టీరింగ్ చక్రం తనంతట తాను మధ్యకి రాదు. అప్పుడు జనం స్టీరింగే పాడైందనుకుని ర్యాక్ (టై రాడ్లని అటూ ఇటూ నెట్టే భాగం) మార్పించేస్తారు.

అన్నిటికన్నా మోసం చేసేది లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే ఇనుప చెయ్యి) వెనక బుష్. గజపతినగరం మాస్టారు ఒకాయన కారు తెచ్చారు. బ్రేకు నొక్కితే ఎడమకి లాగుతుంది, గేరు వేసి తొక్కితే కుడికి పోతుంది. ఒకే చోట మూడుసార్లు, చక్రాల దిక్కు సరిచేసే కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించారు. కాగితాల మీద అంకెలన్నీ పచ్చగానే ఉన్నాయి. ఉండవా మరి, మిషన్ మీద కారు కదలకుండా నిలబడి ఉంటుంది. ఎడమ ఆర్మ్ బుష్‌లో రబ్బరు సగం చిరిగిపోయింది. బ్రేకు వేసినప్పుడల్లా ఆ ఆర్మ్ వెనక్కి జరిగి చక్రం దిక్కు మార్చుకుంటోంది. గునపం పెట్టి మెల్లగా మీటితే గానీ బయటపడలేదు. నువ్వు చెప్పిన "ఆలోచించుకుని తిరగడం" వింటుంటే నా అనుమానం ఇక్కడికే పోతోంది. నువ్వు చక్రం తిప్పాక ముందు రబ్బరు నలిగి, ఆ తర్వాత టైరు తిరుగుతోంది.

బుష్‌లు మార్పిస్తే దగ్గర నిలబడి ఒక్క విషయం చూసుకో. ఆర్మ్ బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడ్డాకే జరగాలి. కొత్తలో నేను లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగానే బిగించేశాను. బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండిపోయింది. కొన్ని నెలల్లోనే చిరిగింది. కొత్త బుష్‌లు నా డబ్బుతో వేసిచ్చాను. ఆ రోజు నుంచి ఎవరి బండికీ ఆ తప్పు జరగనివ్వలేదు. రబ్బరు బదులు పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌వి వేస్తే ఇంకా బిర్రుగా ఉంటుంది, నిజమే. కానీ మన రోడ్ల దుమ్ముకి కిర్రుమంటాయి, ప్రతి అదురూ సీటు దాకా వస్తుంది. కంపెనీ రబ్బరే వెయ్యి.

అరిగినవన్నీ మార్చాకే అలైన్‌మెంట్. ముందు చేయిస్తే ఆ డబ్బు నీళ్ల పాలే. ఇలాంటి కార్లలో సాధారణంగా సర్దడానికి వీలుండేది టో ఒక్కటే, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. క్యాంబర్ (చక్రం పక్కకి వాలు), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందువెనకల వాలు) అంకెలు ఎడమకీ కుడికీ బాగా తేడాగా ఉంటే ఎక్కడో ఏదో వంగిందని తెలుసుకో. స్టీరింగ్ చక్రం వంకరగా ఉందని దాన్ని ఊడదీసి నేరుగా పెట్టేవాళ్లుంటారు, అలా చెయ్యనివ్వకు. రెండు వైపులా టై రాడ్లు సర్ది మధ్యకి తేవాలి. అది అయ్యాక స్కానర్ పెట్టి స్టీరింగ్ యాంగిల్ సెన్సార్‌ని సున్నాకి తెమ్మను. మోటారుకి అసలు మధ్య ఎక్కడో తెలియకపోతే సాయం ఒకవైపు ఎక్కువగా చెయ్యచ్చు. ముందటి అంకెలు, తర్వాతి అంకెలు ఉన్న కాగితం అడిగి తీసుకో.

షాకబ్జార్లు కూడా డెబ్భై వేలకి అలిసిపోయి ఉంటాయి. నూనె కారుతుంటే అనుమానమే లేదు. కారకపోయినా గతుకు దాటాక ముందు భాగం రెండోసారి ఊగితే మార్చాల్సిందే. ఎప్పుడూ జతగా మార్చు. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది అయితే ఎడమ మలుపు ఒకలా, కుడి మలుపు ఒకలా ఉంటుంది. నువ్వనే వాలుడు ఇక్కడే చాలా తగ్గుతుంది.

ఎత్తు తగ్గించే స్ప్రింగులు మాత్రం మర్చిపో. మన ఊళ్లలో స్పీడ్‌బ్రేకర్లు ఎవరింటి ముందు వాళ్లు వేసుకున్నవి, బండి కడుపు తగులుతుంది. అదీకాక బండి దిగగానే ఆర్మ్‌ల వాలు మారిపోయి, ఒక్కోసారి వాలుడు అనుకున్నంత తగ్గదు. ఆర్సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా చెప్తోంది. బానెట్ కింద రాడ్డు అందంగా ఉంటుంది, మామూలు వేగాల్లో నీ చేతికి తేడా తెలియదు. అన్నీ అయ్యాక ఇంకా ముందు భాగం మలుపు బయటికే పోతోందనిపిస్తే, వెనక యాంటీ రోల్ బార్, అంటే బాడీ వాలుడుని అదుపులో పెట్టే రాడ్డు గురించి మాట్లాడదాం. ముందు చక్రాలు లాగే బండిలో ఆ ఒక్కటీ నిజంగా పనిచేస్తుంది. కానీ ఎక్కువ బిర్రైనది వేస్తే వానలో వెనక భాగం జారుతుంది, అందుకే అది చివరి మెట్టు.

ఒకసారికి ఒకటే మార్చు అల్లుడూ. మార్చిన ప్రతిసారీ అదే రోడ్డు మీద, అదే గాలితో, అదే వేగంలో నడిపి ఒక నోటు పుస్తకంలో రెండు ముక్కలు రాసుకో. మూడూ కలిపి వేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, పాడైతే దేన్ని తియ్యాలో తెలియదు.

నడిపే తీరు గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. గట్టి బ్రేకు మలుపుకి ముందే, స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడే పూర్తి చెయ్యి. తర్వాత మిగిలిన కొంచెం బ్రేకుని మెల్లగా వదులుతూ తిప్పు. బరువు ముందు టైర్ల మీద ఇంకా కొంచెం ఉంటుంది కాబట్టి ముందు భాగం నువ్వన్న వైపుకి వస్తుంది. చూపు బానెట్ మీద కాదు, మలుపు ఎక్కడ విప్పుకుంటుందో అక్కడ పెట్టు. ఒక్క తిప్పుడుతో సరిపోవాలి, మధ్యలో సర్దుళ్లు ఉంటే వేగం ఎక్కువైందని అర్థం. సంక్రాంతి ముందు పల్లెల్లో రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, దాని మీద ఏ టైరుకీ పట్టుండదు. మలుపు అవతల ఏముందో కనబడకపోతే ముందే తగ్గిపో.

వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా ఇక్కడుండేలా రా. శనివారం రాత్రే వచ్చి పడుకుంటే ఇంకా మంచిది, టైర్లు చల్లగా ఉండగా గాలి చూడచ్చు. దారిలో ఎక్కడా గాలి పట్టించకు. పాత అలైన్‌మెంట్ కాగితాలు ఉంటే తీసుకురా. జాకీ, స్టాండ్లు, గునపం నా దగ్గరున్నాయి. కింద చూశాక ఎస్.కోట మీదుగా బొడ్డవర దాటి అనంతగిరి ఘాట్‌లో నాలుగు మలుపులు ఎక్కి దిగుదాం. నేను పక్క సీట్లో కూర్చుంటాను, చక్రం నువ్వే పట్టుకో. అత్త నీకు ఇష్టమని అరిసెలు దాచిపెట్టింది.

మీ మావయ్య