సోరియాసిస్: ట్యూబు ఎంత పూయాలి, గోళీ ఏ రోజు వేసుకోవాలి

నల్లగొండ, పాలమూరు వైపు పాఠకులు చర్మం గురించి రాసిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ సోరియాసిస్ మీదే ఉన్నాయి. చాలామంది చేతిలో సరైన మందే ఉంది. కొలత, రోజు, వ్యవధి ఎవరూ విడమరచి చెప్పకపోవడంతో అది పనిచేయడం లేదు. అందుకని జవాబులు కొంచెం పెద్దవయ్యాయి.

ప్రశ్న: ఆరేండ్ల నుంచి మోచేతులు, మోకాళ్లు, నడుము కింద ఎర్రగా మందంగా మచ్చలు లేచి తెల్లటి పొట్టు రాలుతున్నది. ఊర్లో తామర అన్నరు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబులు పూసిన. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటున్న. వారంలో నున్నగైతది, నెల తిరిగేసరికి ముందుకన్న ఎక్కువ వస్తున్నది. పత్తి ఏరేటప్పుడు గీరుకుపోయిన చోట కూడా అవే మచ్చలు లేస్తున్నయి. ఎందుకిట్ల?
– పత్తి రైతు, మునుగోడు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది సోరియాసిస్ లాగే ఉంది. చర్మవ్యాధుల డాక్టర్ కళ్లతో చూసి ఖాయం చేయాలి. తామర ఫంగస్ వల్ల వస్తుంది. గుండ్రంగా పాకుతుంది, అంచు లేచి ఉంటుంది, మధ్యలో చర్మం మామూలుగా అవుతూ వస్తుంది. గజ్జల్లో, నడుముకు బట్ట బిగించే చోట ఎక్కువ. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఉండటం కూడా మామూలే. సోరియాసిస్ మచ్చ మధ్యలోనూ అంచులోనూ ఒకే మందంగా ఉంటుంది. గీత గీసినట్టు అంచు తెలుస్తుంది. కుడి మోచేతికి ఉంటే ఎడమ మోచేతికీ ఉంటుంది. పొట్టు కొవ్వొత్తి మైనం గీకినట్టు పొరలు పొరలుగా లేస్తుంది. అనుమానం ఉంటే కొంచెం పొట్టు గీకి కేవోహెచ్ పరీక్ష చేస్తారు, ఫంగస్ ఉంటే అందులో కనపడుతుంది. ఈ పరీక్ష చిన్నది, చవక. ఇది చేయించకుండా స్టెరాయిడ్ (వాపును, రోగనిరోధక శక్తిని అణిచే మందు), ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబు పూస్తే తామరైతే ముదురుతుంది, సోరియాసిస్ అయితే పూర్తిగా లొంగదు. రెండు విధాలా నష్టమే.

పై చర్మపు కణం అడుగున పుట్టి, పైకి చేరి, రాలిపోవడానికి మామూలుగా 28 రోజులు పడుతుంది. సోరియాసిస్‌లో రోగనిరోధక కణాలు పొరపాటున చర్మాన్నే తరుముతాయి, ఆ పని 3 నుంచి 5 రోజుల్లో అయిపోతుంది. పచ్చి కణాలు పైకి వచ్చి పేరుకుంటాయి, అదే మీరు చూసే పొట్టు. దెబ్బ తగిలిన చోట, గీరుకుపోయిన చోట కొత్త మచ్చ లేవడం కూడా ఈ జబ్బు లక్షణమే. పత్తి కాయ మొనలు గీరుకోకుండా నిండు చేతుల చొక్కా వేసుకుని, మెత్తని నూలు బట్ట మోచేతులకు చుట్టుకుని ఏరండి.

ఇక సూది సంగతి. అది దాదాపుగా డెక్సామెథసోన్ గానీ ట్రయామ్సినోలోన్ గానీ అయి ఉంటుంది, రెండూ స్టెరాయిడ్లే. శరీరంలో మందు ఉన్నన్నాళ్లు కణాలు అణిగి ఉంటాయి, మందు దిగిపోగానే రెట్టింపుగా ఎగదన్నుతాయి. సోరియాసిస్‌లో సూది, గోళీ రూపంలో స్టెరాయిడ్ వద్దనడానికి మొదటి కారణం ఇదే. కొందరికి ఒళ్లంతా ఎర్రబడి పొట్టు రాలుతుంది, కొందరికి జ్వరంతో పాటు చిన్న చిన్న చీము పొక్కులు కమ్ముకుంటాయి. అలా అయితే మరుసటి రోజుకు వాయిదా వేయొద్దు, ఆ రోజే పెద్దాసుపత్రిలో చేరాలి. ఒంట్లో నీరు, ఉప్పు, వేడి ఇంకిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. పేరులేని పొట్లాల్లో ఇచ్చే పొడి మందుల్లోనూ స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. మూడు రోజుల్లో మాయం చేసే పొడిని అనుమానించండి. నెలల తరబడి అలాంటిది మింగి ఉంటే ఒక్కసారిగా ఆపకండి. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి, మెల్లగా తగ్గిస్తారు.

మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. పోయేటప్పుడు ఇదివరకు వాడిన ట్యూబులు, ఖాళీ అట్టలు, సూది మందు చీటీ అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.

ప్రశ్న: నాకు క్లోబెటాసోల్ ఆయింట్‌మెంట్ రాశారు. రెండు మోచేతులకు, రెండు మోకాళ్లకు పొద్దున, రాత్రి పూస్తున్నాను. 30 గ్రాముల ట్యూబు రెండు నెలలు వస్తోంది. అయినా తగ్గడం లేదు. ఇంకా గట్టి మందు కావాలా? ఇంట్లో పెళ్లి కూడా ఉంది.
– గృహిణి, నకిరేకల్

జవాబు: అమ్మా, మందు గట్టిదే. మీరు పూసేది తక్కువ. చూపుడు వేలి కొన నుంచి మొదటి గణుపు గీత దాకా ట్యూబు నుంచి ఒక గీతగా పిండండి. పెద్దవాళ్లకు అది సుమారు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత వైశాల్యానికి ఆ అర గ్రాము సరిపోవాలి. మీ నాలుగు మచ్చలూ కలిపి నాలుగు అరచేతులంత ఉన్నాయనుకుందాం. పూటకు 1 గ్రాము, రోజుకు 2 గ్రాములు కావాలి. అంటే 30 గ్రాముల ట్యూబు 15 రోజుల్లో అయిపోవాలి. రెండు నెలలు వచ్చిందంటే పావు వంతే పడుతోంది.

అలాగని ఇష్టమొచ్చినంత కాలం పూయకూడదు. క్లోబెటాసోల్ 0.05 శాతం పూత స్టెరాయిడ్లన్నింటిలోకీ బలమైనది. ఒక విడతలో 2 వారాలు, వారానికి 50 గ్రాములు మించకూడదు. ముఖానికి, చంకలకు, గజ్జలకు, రొమ్ముల కింద మడతలకు అసలు వద్దు. అక్కడ చర్మం పలచనై ఎర్రని రక్తనాళాలు తేలతాయి, పిగిలిన చారలు పడతాయి, ఆ చారలు మళ్లీ పోవు. మచ్చ మందం తగ్గి చేతికి నున్నగా తగిలితే స్టెరాయిడ్‌ను ఒకేసారి మానేయకుండా శని, ఆది వారాలకు తగ్గించి, మిగతా ఐదు రోజులు కాల్సిపోట్రియాల్ (విటమిన్ డి రకం పూత మందు, స్టెరాయిడ్ కాదు) పూసే పద్ధతి ఉంది. మీ డాక్టరును అడగండి. కాల్సిపోట్రియాల్ వారానికి 100 గ్రాములు మించకూడదు. దాని మీద శాలిసిలిక్ యాసిడ్ (పెచ్చును మెత్తబరిచేది) ఉన్న మందు పూయొద్దు, పూస్తే కాల్సిపోట్రియాల్ చెడిపోయి పనిచేయదు. రెండూ రాసి ఉంటే ఏది ఎప్పుడో అడిగి చీటీ మీదే రాయించుకోండి.

పెచ్చు మందంగా ఉన్నప్పుడు ఏ మందూ లోపలికి దిగదు. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల లోపు స్నానం ముగించండి. రాయి, పీచు పక్కన పెట్టండి. బట్టతో రుద్దకుండా అద్ది, ఒంటి మీద తడి ఉండగానే, మూడు నిమిషాల్లోపు వాసెలిన్ గానీ లిక్విడ్ పారాఫిన్ గానీ పట్టించండి. కొబ్బరినూనె కూడా పనికొస్తుంది. ఆ తర్వాత అరగంట ఆగి స్టెరాయిడ్ పూయండి. వాసెలిన్ మీరనుకునేదానికన్నా చాలా ఎక్కువ పడుతుంది. కాళ్లు చేతుల మచ్చలకే వారానికి 100 గ్రాములు అయిపోతుంది. వాసెలిన్, పారాఫిన్ ఇంకిన చీర కొంగుకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది, మామూలుగా ఉతికితే పూర్తిగా పోదు కూడా. పూసుకుని పొయ్యి దగ్గర కూర్చోకండి.

ఇంట్లో పెళ్లి ఉందని కూడా రాశారు కదా. నలుగు పెట్టేటప్పుడు మచ్చల మీద సున్నిపిండితో రుద్దనివ్వొద్దు. నూనె అద్ది వదిలేయమనండి. రాపిడికి పది పన్నెండు రోజుల్లో కొత్త మచ్చలు లేస్తాయి.

ప్రశ్న: తలలో పొట్టు. చుండ్రు షాంపూలు ఎన్ని వాడినా నుదుటి దాకా దిగుతోంది. గుండు చేయించుకోనా?
– డిగ్రీ విద్యార్థి, జడ్చర్ల

జవాబు: చుండ్రు జిడ్డుగా, పలచగా ఉంటుంది. వెంట్రుకల గీత దాటి నుదుటి మీదికి, చెవుల వెనక్కి మందంగా దిగితే సోరియాసిస్ అనుమానించాలి. గుండు అక్కర్లేదు, మంగలి కత్తి గీరుకుంటే ఇంకా చెడు. రాత్రి పాయలు తీసి, 3 శాతం శాలిసిలిక్ యాసిడ్‌తో కోల్‌టార్ (బొగ్గు తారు) కలిపిన లోషన్ వెంట్రుకలకు కాకుండా మాడుకు పట్టించి పాత బట్ట చుట్టుకోండి. పొద్దున టార్ షాంపూ పెట్టి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి కడగండి. పొట్టు మెత్తబడి దానంతట అది రావాలి, గోటితో పీకితే వెంట్రుకలతో సహా ఊడుతుంది. పెచ్చు పోయాక స్టెరాయిడ్ లోషన్ 2 వారాలు. ఈ జబ్బులో రాలిన వెంట్రుకలు సాధారణంగా మళ్లీ వస్తాయి.

ప్రశ్న: తాపీ పనికి పుణె పోతుంటాను. ఒళ్లు సగం మచ్చలే. మహబూబ్‌నగర్‌లో డాక్టర్ గారు మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు వారానికి ఒకసారి అని రాశారు. లైటు వైద్యం మంచిదని ఒకరంటున్నరు. వారానికి ఒక్క మందుతో ఏమైతది, రోజూ వేసుకుంటే తొందరగా తగ్గదా? సాయంత్రం పూట కల్లు అలవాటు ఉంది.
– కోస్గి

జవాబు: మెథోట్రెక్సేట్ రోగనిరోధక కణాల జోరు తగ్గించే గోళీ. రోజూ మాత్రం వేసుకోకండి. ఈ ఒక్క పొరపాటుతో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. రోజూ పడితే ఎముక మూలుగులో రక్తకణాల తయారీ ఆగిపోతుంది. నోరంతా పూస్తుంది, తెల్ల కణాలు పడిపోతాయి, చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా తట్టుకోలేరు. ఎవరైనా పొరపాటున రోజూ మింగితే వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి, దానికి ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది. అది ఎంత తొందరగా పడితే అంత మంచిది.

మీకు రాసింది 2.5 మిల్లీగ్రాముల గోళీలైతే 15 మిల్లీగ్రాములంటే ఆరు గోళీలు, వారానికి ఒక్క రోజు. ఒక రోజు ఖాయం చేసుకోండి. బుధవారం అనుకుంటే అట్ట మీద పెన్నుతో ‘బుధవారం’ అని రాసుకోండి. చదువు రాకపోతే ఒక్కో వారానికి సరిపడా గోళీలు విడివిడి పొట్లాలు కట్టించుకోండి. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు వేరే రోజు వేసుకోవాలి. రెండు గోళీలూ పసుపు రంగువే కావచ్చు, ఒకే డబ్బాలో కలిపి పెట్టకండి. షాపులో మళ్లీ కొన్నప్పుడు అట్ట మీద 2.5 అని ఉందో, 7.5 అని ఉందో చూడండి. 7.5వి ఆరు మింగితే మూడు రెట్లు పడుతుంది. ఒక వారం మరిచిపోతే రెండు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు, దాటితే వదిలేసి వచ్చే బుధవారమే వేసుకోండి.

మొదలుపెట్టే ముందు రక్తకణాల లెక్క, లివర్, కిడ్నీ పరీక్షలు, హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే చేయించాలి. మొదలుపెట్టాక వారం పది రోజులకు, తర్వాత నెలకొకసారి, నిలకడయ్యాక రెండు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష. పుణెలోనూ చేయించుకోవచ్చు, కాగితాలన్నీ ఒక కవరులో వెంట ఉంచుకోండి. ఫలితం 4 నుంచి 8 వారాల్లో మొదలవుతుంది, పూర్తిగా తెలియడానికి నాలుగు నెలలు పట్టవచ్చు. నెలకే ‘పనిచేయలేదు’ అని మానేసేవాళ్లే ఎక్కువ.

కల్లు కూడా మద్యమే. మెథోట్రెక్సేట్, మద్యం రెండూ లివర్ మీదే పడతాయి. ఈ మందు వాడినన్నాళ్లు మానాలి. మానలేరనుకుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, వేరే మందు చూస్తారు. ఒళ్లునొప్పులకు అడ్డా దగ్గర షాపులో డైక్లోఫెనాక్ అడిగి మింగడం, కో-ట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ వాడటం ప్రమాదం, ముఖ్యంగా రెండోది. పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఆడవాళ్లైతే గర్భంతో ఉండగా ఈ మందు అసలు తాకకూడదు, బిడ్డకు అవకరాలు వస్తాయి.

లైటు వైద్యం మంచిదే. 311 నానోమీటర్ల న్యారోబ్యాండ్ యూవీబీ కిరణాలు, వారానికి రెండు మూడుసార్లు, మొత్తం 20 నుంచి 30 సార్లు. లోపలి అవయవాలకు భారం లేదు. కాకపోతే యంత్రం దగ్గరలో ఉండాలి, రెండు మూడు నెలలు ఒకేచోట ఉండాలి. పని మానుకుని కోస్గి నుంచి వారానికి మూడుసార్లు బస్సెక్కలేరు కాబట్టే మీ డాక్టర్ గారు గోళీ రాసి ఉంటారు. వాళ్ల లెక్క సరైందే. దాని బదులు ఎండలో కూర్చుంటాననుకుంటే పాలమూరు ఎండకు చర్మం కాలుతుంది, కాలిన చోట కొత్త మచ్చలు లేస్తాయి.

ప్రశ్న: మా అత్తమ్మకు పదేండ్లుగా సోరియాసిస్. ఇప్పుడు వేళ్లు వాచాయి, మడమ నొప్పి, పొద్దున లేవలేదు. ‘మన నీళ్ల ఫ్లోరైడే’ అని అందరూ అంటున్నారు. ఆర్‌ఏ పరీక్ష (కీళ్లవాతానికి చేసే రక్తపరీక్ష) నార్మల్ వచ్చింది. మచ్చలు కూడా ఫ్లోరైడ్ వల్లేనా?
– మర్రిగూడ

జవాబు: మీ ప్రాంతం ఫ్లోరైడ్‌తో పడ్డ బాధ చిన్నది కాదు, ఆ మాట ఊరికే పుట్టలేదు. కానీ కీళ్ల నొప్పులన్నీ దాని ఖాతాలో వేస్తే ఈ జబ్బు దాక్కుంటుంది. ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగినవాళ్లకు మెల్లగా వస్తుంది. మెడ, వెన్ను బిగుసుకుంటాయి, వంగడం కష్టమవుతుంది. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగినవాళ్లకు పళ్ల మీద గోధుమరంగు గారలుంటాయి.

సోరియాసిస్ కీళ్లవాతం తీరు వేరు. ఒకే వేలు మొదలు నుంచి కొస దాకా ఉబ్బుతుంది. గోటికి దగ్గరి గణుపు వాస్తుంది. మడమ వెనక కండర పట్టీ ఎముకకు అతుక్కునే చోట నొప్పి. పొద్దున అరగంటకు మించి బిగుసుకుని, పనిలో పడ్డాక సడలుతుంది. ఆమె గోళ్లు వెలుతురులో చూడండి. సూదితో పొడిచినట్టు గుంటలు, గోరు కింది నుంచి లేచిపోవడం, నూనె చుక్క లాంటి మరక ఉంటే అనుమానం బలపడుతుంది. ఆర్‌ఏ నార్మల్ వచ్చిందని ఊరుకోవద్దు, ఈ వాతంలో అది చాలావరకు నార్మల్‌గానే వస్తుంది. చేతులు, పాదాల ఎక్స్‌రే తీయించి రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టరుకు) చూపించండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. తొందరపెట్టడానికి కారణం ఉంది: చర్మం మచ్చ ఎన్నేళ్లున్నా మానితే గుర్తు లేకుండా పోవచ్చు, అరిగిన కీలు మాత్రం తిరిగి రాదు. ఆరు నెలల ఆలస్యం కూడా తేడా చేస్తుంది.

మెథోట్రెక్సేట్‌తో లొంగకపోతే అడాలిముమాబ్, సెకుకినుమాబ్ లాంటి బయాలజిక్ సూదులున్నాయి, ఇవి రోగనిరోధక వ్యవస్థలో ఒక్కో సంకేతాన్ని మాత్రమే ఆపే మందులు. వాటికి ముందు టీబీ పరీక్ష తప్పనిసరి, ఒంట్లో నిద్రపోతున్న టీబీని అవి లేపగలవు.

మచ్చలకు ఫ్లోరైడ్ కారణం కాదు. ఉప్పు బోరునీళ్లు చర్మాన్ని ఎండగట్టి దురద పెంచుతాయి, అంతే. స్నానం తర్వాత నూనె, వాసెలిన్ దానికి విరుగుడు.

ప్రశ్న: అంటుకుంటుందా? పిల్లలకు వస్తుందా? వంకాయ, గోంగూర, కోడికూర మానమంటున్నరు.
– గద్వాల, దేవరకొండ నుంచి ఇద్దరు

జవాబు: అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా, కాపురం చేసినా రాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం వందలో సుమారు 10 నుంచి 15, ఇద్దరికీ ఉంటే సుమారు 40. అంటే ఒకరికే ఉన్న ఇళ్లలో ఎక్కువమంది పిల్లలకు రాదు. సంబంధం చూసేటప్పుడు దాచకుండా ఈ అంకెలే చెప్పండి.

వంకాయ, గోంగూర, కోడికూరతో సోరియాసిస్ పెరుగుతుందనడానికి రుజువు లేదు. తిన్న ప్రతిసారీ దురద పెరుగుతోందని మీకే అనిపిస్తే అది ఒక్కటి మానండి. పత్యం పేరుతో పప్పు, గుడ్డు, మాంసం అన్నీ మాన్పించకండి, పొట్టుతో పాటు ఒంట్లో ప్రొటీన్ కూడా పోతూ ఉంటుంది. బీడీ, సిగరెట్, మద్యం మానడం, బరువు ఎక్కువుంటే తగ్గించడం నిజంగా పనిచేస్తాయి. పిల్లలకు గొంతునొప్పి, జ్వరం వచ్చిన రెండు మూడు వారాలకు ఒంటి నిండా చినుకుల్లాంటి ఎర్ర మచ్చలు లేస్తే గొంతు ఇన్‌ఫెక్షన్ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. బీపీకి ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు, మానసిక జబ్బుకు లిథియం, మలేరియాకు క్లోరోక్విన్ వాడినప్పుడు సోరియాసిస్ ఎగదన్నవచ్చు. ఆ మందులు మీ అంతట మీరు ఆపొద్దు. చీటీ తీసుకెళ్లి రాసిన డాక్టరుకే చూపించి, బదులు మందు ఉందేమో అడగండి.