మెయిన్ రోడ్డు మేడకు చరిత్ర రాయాలంటే

ప్రశ్న: విజయనగరం గంటస్తంభం దగ్గర, మెయిన్ రోడ్డులో మా తాతగారు కొన్న మేడ ఉంది. ఒకప్పుడు కింద బట్టల కొట్టు, పైన లాడ్జి నడిచేవని పెద్దలు చెబుతారు. ఇప్పుడు కింద సెల్‌ఫోన్ల దుకాణం, పైన కోచింగ్ సెంటరు ఉన్నాయి. త్వరలో దాన్ని పడగొట్టి కొత్తది కట్టబోతున్నాం. ఈలోగా దాని చరిత్ర రాసి ఉంచాలని నా కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ ఇంట్లో ఉన్న దస్తావేజుతోనే మొదలుపెట్టండి. అయితే ఎవరు ఎంతకు కొన్నారన్న వివరం కన్నా, ఆస్తి వివరాలూ హద్దులూ రాసిన భాగాన్ని ఎక్కువ శ్రద్ధగా చదవండి. పట్టణంలోని ఇల్లు ఏ వీధికి ఏ దిక్కున ఉందో, అందులో ప్రస్తుతం ఎవరుంటున్నారో, మునుపు ఎవరుండేవారో చెప్పి గుర్తించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షను నిర్దేశిస్తోంది. కాబట్టి మీ కుటుంబం మరచిపోయిన అద్దెదారు పేరు అక్కడ కనిపించవచ్చు. ఇరుగుపొరుగు దుకాణాలవారు తమ పాత దస్తావేజులు చూడనిస్తే ఇంకా మంచిది. వారి హద్దుల్లో మీ మేడను ఏ కొట్టుగా, ఎవరి పేరుతో రాశారో చూస్తే, ఆ సంవత్సరానికి అందులో ఏ వ్యాపారం నడిచిందో తెలిసే అవకాశం ఉంది.

తరువాత ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల పట్టిక) తీయించండి. కంప్యూటరులో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోని పాత పుస్తకాలు వెతికించాలి. స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకాన్ని, దాని సూచికలను తగిన రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు, నకలు పొందవచ్చు. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది గనుక, పాత కాగితాల్లో విశాఖపట్నం జిల్లా అని ఉంటే అది వేరే ఆస్తి అని పక్కన పెట్టకండి.

ఇక్కడితో ఆగితే మీకు దక్కేది యజమానుల చరిత్రే. వ్యాపార భవనానికి ప్రాణం పోసింది అద్దెదారులని నా గట్టి నమ్మకం. పదకొండు నెలల అద్దె ఒప్పందాలు సాధారణంగా రిజిస్టరు కావు కాబట్టి వారి జాడ ఈసీలో దొరకదు. దానికి పురపాలక సంఘం ఆస్తిపన్ను రసీదులు, మీ తాతగారి అద్దె లెక్కలు, పాత చిట్టా ఆవర్జాలు (వ్యాపార లెక్కల పుస్తకాలు), పెళ్లిబట్టల బిల్లులు వెతకండి. తేదీ చెరిగిన బిల్లును కూడా పారేయవద్దు: రూపాయలు, అణాలలో లెక్క ఉంటే అది 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందుదో, వచ్చిన తొలినాళ్లదో కావచ్చు, వ్యాట్ ఉంటే 2005 ఏప్రిల్ తరువాతది, జీఎస్టీ ఉంటే 2017 జూలై తరువాతది. ఆ కొట్టులో పనిచేసిన గుమస్తాలు, లాడ్జి మెట్లెక్కి సామాను మోసిన కలాసీలు ఎవరైనా ఉంటే ముందు వారినే కలవండి. కాగితాలు ఇంకొన్నాళ్లు ఆగుతాయి.

పడగొట్టే పని మొదలుకాకముందే ప్రతి గదినీ కొలిచి, ఫొటోలు తీయించండి. షట్టరు వెనుక పాత పలకల తలుపుల గాడి మిగిలిందేమో, ఫాల్స్ సీలింగు పైన టేకు దూలాలు ఉన్నాయేమో, బోర్డుల కింద గారతో పోసిన పాత పేరు దాగి ఉందేమో మేస్త్రీని వెంటబెట్టుకుని చూడండి. ఆ పేరు దొరికితే దాన్ని దస్తావేజుల్లోని అద్దెదారుల పేర్లతో పోల్చి చూడండి.